బందరు రేవు నుంచి జిద్దా దాకా



పామర్రు సెంటర్లో నిలబడితే ఒక రోడ్డు బందరుకు, ఇంకోటి బెజవాడకు పోతుంది. మన డెల్టా హాజీల తారీఖ్ చాలా మటుకు ఈ రోడ్డు మీదే నడిచింది. ఒక వైపు పాత రేవు, మరో వైపు గన్నవరం విమానాశ్రయం. రెండూ మనకు గంట, గంటన్నర దూరమే.

ముందు నేటి లెక్క చూద్దాం. గన్నవరం నుంచి జిద్దాకు ఆకాశ మార్గాన సుమారు 4,400 కిలోమీటర్లు. నేరుగా ఎగిరే విమానానికి ఆరు గంటలు, కాస్త అటూ ఇటూ. సౌదీ టైమ్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఉదయం తొమ్మిదికి బయలుదేరితే మన గడియారంలో మూడింటికి, వాళ్ల గడియారంలో పన్నెండున్నరకు దిగుతాం. 2023లో హజ్ విమానాలు గన్నవరం నుంచే ఎగిరాయి.

ఇక పాత జమానా. 'బందర్' అంటే ఫార్సీలో రేవు అనే అర్థం. మచిలీపట్నం గోల్కొండ సల్తనత్‌కు పెద్ద రేవు. 16వ శతాబ్దం ఆఖరుకే ఇక్కడి నుంచి ఎర్ర సముద్రానికి ఓడలు నడిచాయి. వాటిలో బట్టలు, బియ్యం, వాటితో పాటు హాజీలు. మక్కా మదీనాల గరీబులకు ఖైరాత్‌గా బియ్యం కూడా వెళ్లేది. సింహళం చుట్టి, అరేబియా సముద్రం దాటి, ఏడెన్ పక్కగా పోవాలి.

ఆ సఫర్‌కు మాలిక్ హవా. ఇంగ్లీషు వాళ్ల 'మాన్సూన్' అనే మాట అరబీ 'మౌసిమ్' నుంచే పుట్టింది. చలికాలం ఈశాన్యపు గాలి ఓడను అటు తోసేది, నైరుతి గాలి తిరిగి ఇటు తెచ్చేది. గాలులు సూర్యుడి లెక్కన వస్తాయి. హజ్ చంద్రుడి లెక్కన ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అందుకే కొన్నేళ్లు హాజీ అక్కడికి చేరి నెలల తరబడి ఇంతెజార్ చేయాల్సి వచ్చేది. ఇంకొన్నేళ్లు హజ్ పూర్తయ్యేసరికి తిరుగు గాలి దాటిపోయి ఉండేది. అప్పుడు మరుసటి మౌసిమ్ దాకా ఆగడమే. అందుకే ఇంటి నుంచి రుఖ్సత్ అయ్యేవాడు ఖర్జ్ తీర్చి, వసియ్యత్ రాసి, అందరి దగ్గరా మాఫీ అడిగి కదిలేవాడు.

1687లో గోల్కొండ పడిపోయింది, బందరు వైభవమూ తగ్గుతూ వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బొంబాయి స్టీమర్ల జోరు పెరిగింది. 1889లో బెజవాడకు హైదరాబాదు వైపు నుంచి రైలు వచ్చింది. ఇక మన హాజీ సముద్రానికి వీపు పెట్టి, రైలెక్కి బొంబాయి చేరి, ముసాఫిర్‌ఖానాలో దిగి జహాజ్ కోసం చూసేవాడు. బొంబాయి నుంచి జిద్దాకు సుమారు 2,300 నాటికల్ మైళ్లు, పది పదిహేను రోజులు. 1995తో ఆ ఓడలూ ఆగాయి.

నెలలు వారాలయ్యాయి, వారాలు గంటలయ్యాయి. దీనివల్ల ఒక ముఖ్యమైన ఫరక్ వచ్చింది. ఓడలో వెళ్లేవాడికి యలమ్‌లమ్ మీఖాత్ దగ్గరయ్యేసరికి రోజులు గడిచేవి. తోటి హాజీలతో మసాయిల్ నేర్చుకుని, దిల్ కుదుటపరచుకుని ఇహ్రామ్ కట్టేవాడు. నేరుగా జిద్దా వెళ్లే విమానంలో ఒక కునుకు తీసేలోపే మీఖాత్ వచ్చేస్తుంది. అందుకే చాలామంది ఇహ్రామ్ బట్టలు ఇక్కడే కట్టుకుని ఎక్కుతారు.

సముద్రం నేర్పిన సబర్, తయ్యారీ ఇప్పుడు ఇంట్లోనే చేసుకోవాలి. సామాన్లు తూకం వేసే ముందు ఖర్జ్ లెక్క, మాఫీ లెక్క చూసుకోండి. విమానం ఆరు గంటల్లో చేరుస్తుంది గానీ, ఆ పని మన వంతు చేసిపెట్టదు.