అతుకుపని: గడుల పసిదుప్పటి చరిత్రలో లెక్కకెక్కని శ్రమ

వ్యాససంగ్రహం

కొక్కెపు సూదితో గడులను విడివిడిగా అల్లి, వాటిని ఒకదానికొకటి కలిపి పసిపిల్లలకు దుప్పటి తయారుచేయడం నేడు ఇంటిపట్టున చేసుకునే కాలక్షేపంగా పరిగణింపబడుతోంది. ఈ దుప్పటిలో గడిని అల్లడం, గడులను అతకడం అనే రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. ఈ రెండు పనులూ ఒకే చేతిలో ఉన్నప్పుడు అది ఇంటి కళగా, వేర్వేరు చేతుల్లోకి వెళ్లినప్పుడు పరిశ్రమగా మారిన తీరును ఐర్లండ్, అమెరికా, నరసాపురం ఉదాహరణలతో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: క్రోషే అల్లిక, గడుల దుప్పటి, బొంత, నరసాపురం లేసు, అతుకుపని, స్త్రీల శ్రమ.

1. బొంత, పొత్తిళ్లు, గడుల దుప్పటి

తెలుగులో ‘అతుకుల బొంత’ అనేది నింద. పొందిక లేని కావ్యాన్నీ, నిలకడ లేని ప్రభుత్వాన్నీ విమర్శకులు ఒకే మాటతో తీసిపారేస్తారు. కాని పుట్టిన బిడ్డను మొట్టమొదట పడుకోబెట్టేది ఆ బొంత మీదనే. బిడ్డకు వెంటనే కొత్తబట్ట తొడగకుండా, వాడి వాడి మెత్తబడిన నూలుచీరను చింపి పొత్తిళ్లుగా చుట్టడం తెలుగు ఇళ్లలో చిరకాలంగా ఉన్న ఆచారం. ‘పొత్తిళ్లలో బిడ్డ’ అనే పలుకుబడి అందులోంచి వచ్చిందే. పాత చీరలను పొరలు పొరలుగా పరచి, చిరుగుపడిన చోట ముక్క వేసి, దూరపు కుట్లతో బొంత కుట్టే పని ఇంట్లో పెద్ద వయసు స్త్రీలది. సింగారం కంటే మెత్తదనమూ పొదుపూ దాని ప్రయోజనాలు.

పాశ్చాత్య దేశాలలో ఈ స్థానాన్ని ఆక్రమించిన వస్తువు, రంగురంగుల ఊలుతో గడులుగా అల్లి అతికిన దుప్పటి. దానిలోని మూలాకృతిని అక్కడ ‘గ్రానీ స్క్వేర్’ అంటారు. తెలుగులో చెప్పుకుంటే అమ్మమ్మ గడి. రెండు చోట్లా మిగులునే ముడిసరుకుగా వాడటం, రెండు చోట్లా ఆ పనిని ముసలమ్మలకు అంటగట్టడం గమనింపదగిన పోలిక. ఒక్క తేడా ఉంది. బొంత ఉన్న గుడ్డతో మొదలవుతుంది. క్రోషేలో గుడ్డనే దారం నుంచి పుట్టించాలి.

2. గడి లెక్క

గడి నిర్మాణం తెలియకుండా దాని చరిత్ర బోధపడదు. నాలుగో ఆరో గొలుసుకుట్లు వేసి వాటిని ఒక చిన్న వలయంగా కలుపుతారు. సూదికి ఒకసారి దారం చుట్టి వేసే పొడవు కుట్లను మూడేసి చొప్పున గుంపులుగా ఆ వలయంలో వేస్తారు. నాలుగు గుంపులు, వాటి మధ్య నాలుగు మూలలకు గొలుసుకుట్లు: ఇది మొదటి వరుస. తరువాతి ప్రతి వరుసలోనూ ఒక్కొక్క భుజానికి ఒక్కొక్క గుంపు పెరుగుతుంది. కనుక నాలుగు వరుసల గడిలో 4, 8, 12, 16 చొప్పున మొత్తం 40 గుంపులు, అంటే 120 పొడవు కుట్లు ఉంటాయి. పనిని తిప్పకుండా ఒకే దిశలో సాగవచ్చు, వరుస వరుసకూ రంగు మార్చవచ్చు. ఏ వరుస దగ్గర ఆపినా గడి గడిగానే ఉంటుంది. ఒడిలో పట్టే పని కాబట్టి పొయ్యి దగ్గరా, ఉయ్యాల పక్కనా సాగుతుంది. పక్కన పెట్టి లేచినా చెడదు.

ఐదంగుళాల గడులు ఆరు వరుసలు, వరుసకు ఆరు చొప్పున 36 కలిస్తే ముప్పై అంగుళాల పసిదుప్పటి అవుతుంది. గడుల లెక్క 36 దగ్గర ఆగిపోతుంది. అతుకుల లెక్క అలా కాదు. అడ్డంగా 30, నిలువుగా 30, మొత్తం 60 అంచులను కలపాలి. నాలుగు రంగుల గడిలో రంగుకు రెండు చొప్పున ఎనిమిది దారపు కొసలు మిగులుతాయి. దుప్పటి మొత్తం మీద 288. ప్రతి కొసనూ మొద్దుసూదితో కుట్లలోకి దాచాలి. పెద్దల శాలువాలో ఒక కొస ఊడితే వచ్చే నష్టం అల్పం, పసిబిడ్డ దుప్పటిలో వేలాడే కొస చిన్ని వేలికి చుట్టుకుంటుంది. అతుకు మరీ బిగిస్తే దుప్పటి గట్టుకట్టి బిడ్డ ఒంటికి ఒరుసుకుంటుంది, వదులైతే గడుల మధ్య సందు పడి వేళ్లు దూరతాయి. పైనుంచి చుట్టుకుట్టు వేయడం, కొక్కెంతోనే జారుకుట్టుతో కలపడం, చివరి వరుస అల్లుతూనే పక్క గడికి తగిలించుకుంటూ పోవడం అనే పద్ధతులన్నీ ఈ చిక్కును దాటడానికి పుట్టినవే. నమూనాల పుస్తకాలు గడికి పేజీలు కేటాయించి, అతుకుకు రెండు వాక్యాలతో సరిపెట్టడం సాధారణం. అల్లేవారి ఇళ్లలో అతకని గడులు పెట్టెలకొద్దీ నిలవ ఉండటానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

3. కరవు నేర్పిన విభజన

‘క్రోషే’ ఫ్రెంచి పదం. చిన్న కొక్కెం అని అర్థం. ఐరోపాలో 19వ శతాబ్దానికి ముందు ఈ అల్లిక ఇప్పటి రూపంలో ఉన్నదనడానికి గట్టి ఆధారాలు లేవని దాని చరిత్రను పరిశోధించినవారు నిర్ణయించారు. చట్రంపై బిగించిన గుడ్డ మీద కొక్కెపు సూదితో గొలుసుకుట్టు వేసే ఆసియా పద్ధతి ఐరోపాకు చేరి, క్రమంగా గుడ్డను వదిలేసి గాలిలో అల్లే అల్లికగా మారిందనే అభిప్రాయం బలంగా ఉంది. అదే నిజమైతే నేడు రవికల మీద మగ్గం పని చేసే ఆరి సూది దీనికి దూరపు చుట్టమే. 1820ల నాటికి డచ్చి పత్రిక ‘పెనెలోపే’లో క్రోషే నమూనాలు అచ్చయ్యాయి.

విడిభాగాలుగా అల్లి కలపడం అనే పద్ధతి జీవనోపాధిగా స్థిరపడినది ఐర్లండులో. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మొదలైన మహాక్షామ కాలంలో కన్యకామఠాలూ, చర్చి అధికారుల భార్యలూ పేద స్త్రీలకు ఈ పనిని నేర్పారు. మొనహన్ ప్రాంతంలోని క్లోన్స్ ఊరికి 1847లో కసాండ్రా హ్యాండ్ అనే మతాధికారి భార్య దానిని తెచ్చింది. వెనిస్ లేసులకు అనుకరణగా మొదలైన ఈ ఐరిష్ క్రోషేలో గులాబీలు, ఆకులు, చక్రాలు వేటికవే అల్లుతారు. ఆపై గుడ్డ మీదనో కాగితం మీదనో నమూనా ప్రకారం పరచి, మధ్య ఖాళీలను సన్నని జాలీతో నింపి కలుపుతారు. ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క పువ్వులో ఆరితేరింది. ఒకరు గులాబీలే అల్లగా, ఇంకొకరు ఆకులే అల్లారు, అవన్నీ కలిపేవారు వేరు. లేసు పని నెలల తరబడి సాగేది. ఆకలి అన్నాళ్లు ఆగదు. పువ్వు మాత్రం పూటలో పూర్తవుతుంది, పూర్తయిన వెంటనే డబ్బవుతుంది. పనిని ముక్కలు చేయడంలోని కరుణ ఇదే. దాని వెనుక ఉన్న ప్రమాదమూ ఇదే. పువ్వు అల్లిన మనిషికి బేరమాడదగిన పూర్తి వస్తువు ఎన్నడూ చేతిలో ఉండదు.

4. మిగులు ఊలు, పంచుకున్న పని

చదరపు గడి ఇందుకు భిన్నమైన దారిలో నడిచింది. ఇప్పుడు అమ్మమ్మ గడిగా పిలిచే ఆకృతి తొలిసారి అచ్చులో కనిపించిన చోటుగా 1885 నాటి అమెరికన్ పత్రిక ‘ప్రైరీ ఫార్మర్’ను పేర్కొంటారు. అది షికాగో నుంచి వెలువడిన రైతుల పత్రిక కావడం గమనార్హం. అతుకుల దుప్పట్లు కుట్టుకునే పల్లె ఇళ్లలో, అదే పొదుపు ఊలుకూ విస్తరించింది. 1897లో లండన్ నుంచి వెల్డన్స్ వారి కుట్టుపని సంచికలలో కూడా ఈ గడి చోటు చేసుకుంది. ఇక్కడ అల్లినదీ, అతికినదీ, బిడ్డకు కప్పినదీ ఒకే ఇంటి స్త్రీ. కూలి ప్రసక్తి లేదు గనుక పని విలువ గురించిన ప్రశ్నే రాలేదు. ఈ మౌనమే తరువాత వ్యాపారానికి అక్కరకు వచ్చింది.

గడి మరో సౌకర్యాన్నీ ఇచ్చింది. పదిమంది స్నేహితులు తలా కొన్ని గడులు అల్లి, పుట్టబోయే బిడ్డకు ఒకే దుప్పటిగా ఇవ్వవచ్చు. 2016 జనవరిలో చెన్నైలో ‘మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్’ బృందం 11,148.5 చదరపు మీటర్ల దుప్పటితో గిన్నిస్ రికార్డు సాధించడం ఈ పద్ధతి వల్లనే సాధ్యమైంది. విభజన తనంతట తాను దోపిడీ కాదనడానికి ఇది చాలిన సాక్ష్యం. అతికేవారికీ అల్లేవారికీ మధ్య ఉన్న సంబంధం ఎటువంటిదన్నదే ప్రశ్న.

5. నరసాపురం: పువ్వు ఒకరిది, అతుకు మరొకరిది

ఈ ప్రశ్న తెలుగునేలపై స్పష్టంగా రూపుకట్టిన చోటు పశ్చిమగోదావరి డెల్టా. నరసాపురం, పాలకొల్లు పరిసరాలలో లేసు పనిని 19వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు నేర్పారని ప్రసిద్ధి. గోదావరి ఎగువన దుమ్ముగూడెంలోనూ మిషనరీల చేతుల మీదుగానే లేసు పని వేళ్లూనింది. తొలుత దీనిని నేర్చినవారు క్రైస్తవం స్వీకరించిన దళిత కుటుంబాల స్త్రీలు. బడిలో నేర్పిన విద్య ఉపాధిగా, ఉపాధి ఎగుమతి వ్యాపారంగా మారింది. కాలక్రమంలో గోషా పాటించే కాపు కుటుంబాల స్త్రీలు పెద్దసంఖ్యలో ఇందులో చేరారు. పొలానికి పోకుండా, గడప దాటకుండా చేయగల పని కావడం వారికి ఆకర్షణ. పరువు నిలిచింది. కూలి మాత్రం పొలంలో కూలి కంటే తక్కువగా ఉండిపోయింది.

ఐరిష్ పద్ధతి ఇక్కడ చెదరకుండా దిగింది. వర్తకుడి మనిషి దారం తెచ్చి ఇస్తాడు, అల్లినది పట్టుకుపోతాడు, పీసు రేటు చొప్పున చెల్లిస్తాడు. ఒక ఇంట పువ్వులు, మరో ఇంట అంచులు. వాటిని కలిపి మేజాగుడ్డగానో, దుప్పటిగానో చేసే పనికి స్థానికంగా ఉన్న పేరు అతుకుపని. అతుకుపని చేసే స్త్రీకి నమూనా మొత్తం తెలియాలి, పువ్వుల పరిమాణంలో చేతి చేతికీ వచ్చే తేడాను బిగువు వదులులతో సర్దాలి. ఒక పువ్వు కాస్త పెద్దదైతే దాని చుట్టూ ఉన్నవన్నీ ముడుచుకుపోతాయి. ఆ తప్పు పువ్వు అల్లినామెకు తెలియదు, దిద్దవలసినది మాత్రం ఈమె. ఐరోపా ఇంట్లో బల్ల మీద పరచిన గుడ్డ ఒక్కటే. దాని వెనుక ఒకరినొకరు చూసి ఎరుగని స్త్రీలు ఎందరో.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఈ ప్రాంతంలో పరిశోధించి 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ గ్రంథం ప్రచురించింది. రోజుకు ఆరేడు గంటలు లేసు అల్లే స్త్రీల ఆదాయం రూపాయి కూడా దాటని స్థితిని ఆమె నమోదు చేసింది. వర్తకులూ, ఇంటి మగవారూ, కొన్నిసార్లు స్వయంగా ఆ స్త్రీలూ దీనిని ‘తీరిక వేళ పని’గా చెప్పడం, వారిని శ్రామికులుగా కాక గృహిణులుగా చూడటం, అందువల్లనే జనాభా లెక్కలలో వారు పెద్దగా కనబడకపోవడం ఆమె విశ్లేషణలోని కీలకాంశాలు. ఈ ప్రక్రియకు ఆమె పెట్టిన పేరును తెలుగులో ‘గృహిణీకరణ’ అనవచ్చు. ప్రైరీ ఇంట్లో అల్లిన దుప్పటికి కూలి లేకపోవడం సహజంగా తోచినట్లే, ఎగుమతికి అల్లిన లేసుకు తగిన కూలి లేకపోవడమూ సహజంగా తోచింది. ఒడిలో పెట్టుకుని చేసే పని పనే కాదన్న భావన రెండు చోట్లా ఒకటే.

మీస్ విశ్లేషణ వర్తకుడికీ శ్రామికురాలికీ మధ్యనున్న సంబంధంపై దృష్టి నిలిపింది. ఆకృతి వైపు నుంచి చూస్తే మరొక అంశం ముందుకు వస్తుంది. గడియైనా పువ్వైనా విడిగా పూర్తికాగల రూపం కావడం వల్లనే ఇంత నిశ్శబ్దమైన విభజన సాధ్యపడింది. నేతలో ఇది కుదరదు. మగ్గం మీద ఉన్న చీర నేసేవాడి కళ్లెదుటే పెరుగుతుంది, ఎంత నేశాడో అతడికి తెలుసు. లేసులో పెరిగేది పువ్వుల సంఖ్య ఒక్కటే.

తరువాతి కాలంలో మార్పులు లేకపోలేదు. స్త్రీల సహాయక సంఘాల ద్వారా దళారుల ప్రమేయం తగ్గించే ప్రయత్నంగా సీతారాంపురంలో లేసు పార్కు ఏర్పడింది. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇది స్వాగతించదగినదే, చైనా యంత్రపు లేసు పోటీకి కుదేలైన పరిశ్రమకు ఊరిపేరైనా రక్షణగా నిలవాలి. అయితే ఆ గుర్తింపు రక్షించేది ప్రాంతం పేరును. ఆ ప్రాంతంలో ఏ చేతికి ఎంత ముట్టాలో అది చెప్పదు.

యంత్రాలు క్రోషేను పోలిన వస్త్రాన్ని తయారుచేయగలుగుతున్నాయి గాని, కొక్కెంతో చుట్టూ తిరిగి అల్లే గడిని మార్కెట్టు స్థాయిలో చేతితో తప్ప అల్లడం లేదు. అంటే పెద్ద దుకాణాలలో చవకగా వేలాడే గడుల పసిదుప్పటి ఏదైనా, ఏ దేశం నుంచి వచ్చినదైనా, దాని 36 గడులూ, 60 అతుకులూ, 288 కొసలూ ఎవరో మనుషులు చేసినవే. దాని మూలకు కుట్టిన చీటీ మీద నూలు శాతం, ఉతికే నీటి వేడి, తయారైన దేశం ముద్రించి ఉంటాయి.