ఎదురు నవ్వే వీలు

ఒక బొమ్మల సీరియల్‌లో కొట్టు నడుపుకునేవాడి యాస మీద అమెరికా అంతటి దేశం మూడేళ్లు వాదించుకుందంటే అండమాన్‌లో మనవాళ్లు నమ్మరు. "తిన్నది అరక్క" అంటారు. మా బావ ఫోన్లో అదే మాట ఇంకాస్త మర్యాదగా అడిగాడు: "కార్టూనే కదరా, దానికింత రాద్ధాంతం దేనికి?" జవాబు ఫోన్లో తెమిలేది కాదు. 2017లో జరిగిన గొడవ అర్థం కావాలంటే 1830 దాకా వెనక్కి పోవాలి.

ఆ రోజుల్లో థామస్ రైస్ అనే తెల్ల నటుడు మొహానికి మసి పూసుకుని, చిరుగుల బట్టలు కట్టుకుని, నల్లజాతి బానిసను అనుకరిస్తూ వేదికెక్కాడు. పాత్ర పేరు జిమ్ క్రో. జనం విరగబడి నవ్వారు. చూస్తుండగానే ఇలా మసి పూసుకునే బృందాలు ఊరూరా వెలిశాయి. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు కూడా మోటుగానే మాట్లాడతాడు, కానీ వాడు రాజును పట్టుకుని అంటాడు, ఊరి పెద్దను పట్టుకుని అంటాడు. జిమ్ క్రో ఆటలో దెబ్బ తినేవాడు అప్పటికే కాళ్లకు గొలుసులతో ఉన్నవాడు. బానిసత్వం రద్దయ్యాక దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్లను రైళ్లలో, బళ్లలో, హోటళ్లలో వేరుగా కూర్చోబెట్టే చట్టాలు తెచ్చాయి. జనం వాటిని జిమ్ క్రో చట్టాలన్నారు. 1960ల దాకా అవి నడిచాయి. నవ్వించడానికి పుట్టిన పాత్ర పేరు మనుషుల్ని వెలివేసే చట్టాలకు ఎక్కిన దేశంలో, "నవ్వే కదా" అన్న మాట అంత సులువుగా చెల్లదు.

మసి పోయింది, గొంతు మిగిలింది. 1928లో 'అమోస్ అండ్ ఆండీ' అనే రేడియో నాటకం మొదలైంది. అందులో నల్లవాళ్లుగా మాట్లాడింది ఇద్దరు తెల్లవాళ్లు. సాయంత్రమైతే దేశమంతా రేడియోల ముందే. 1951లో టీవీకి ఎక్కించినప్పుడు నల్ల నటుల్నే తీసుకున్నా, పాత్రల తీరు మారలేదని నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ పోరాడింది. పాత భాగాల ప్రసారం కూడా 1966లో ఆగింది. 1968లో వార్నర్ బ్రదర్స్ పాత కార్టూన్లలో నల్లవాళ్లను మరీ హీనంగా చూపిన పదకొండింటిని ప్రసారాల నుంచి తీసేశారు. ఆ సమయానికే చిప్స్ ప్రకటనల్లో ఒక మెక్సికన్ దొంగ బొమ్మ తిరుగుతోంది. పేరు ఫ్రిటో బాండిటో, పని జనం దగ్గర చిప్స్ కాజేయడం. మెక్సికన్ అమెరికన్లు నాలుగేళ్లు పట్టుబట్టి 1971 నాటికి దాన్ని మాన్పించారు.

ఇంతవరకూ విని కథ ఒకే దారిలో నడిచిందనుకోకండి. స్పీడీ గొంజాలెజ్ అని పెద్ద టోపీ పెట్టుకుని మెరుపులా పరిగెత్తే మెక్సికన్ ఎలుక ఉంది. మెక్సికన్లను కించపరుస్తోందని 1999లో కార్టూన్ నెట్‌వర్క్ ఆ కార్టూన్లను పక్కన పెట్టింది. అప్పుడు "మా ఎలుకను మాకిచ్చేయండి" అని గోల పెట్టింది ఎవరనుకున్నారు? లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లే. ప్రతిసారీ పిల్లిని గెలిచే ఆ ఎలుకంటే వాళ్లకు ముద్దు. 2002లో స్పీడీ మళ్లీ వచ్చాడు. ఎవరి తరఫున మనం నొచ్చుకుంటున్నామో వాళ్లను ఒక మాట అడగాలన్న పాఠం అక్కడుంది.

ఇక మన సంగతి. 1965 వలస చట్టం తలుపు తీశాక మన డాక్టర్లు, ఇంజినీర్లు వచ్చారు. తర్వాత వాళ్ల బంధువులు వచ్చి మోటళ్లు, పెట్రోల్ బంకులు, చిన్న కొట్లు పెట్టారు. నేనుండే న్యూజెర్సీలోనే, జెర్సీ సిటీలో 1987లో ఒక ముఠా బయల్దేరింది. నుదుట బొట్టే గురి అని పేరులోనే చెప్పుకున్న ముఠా అది: డాట్‌బస్టర్స్. భారతీయుల్ని ఊరు విడిచి పొమ్మని పత్రికకు ఉత్తరం రాశారు. ఇళ్ల మీద, మనుషుల మీద దాడులు జరిగాయి. అదే కాలంలో పక్కనే ఉన్న హోబోకెన్‌లో ఒక భారతీయుణ్ణి కుర్రాళ్ల గుంపు కొట్టి చంపింది.

ఇది జరిగిన రెండేళ్లకు, 1989 డిసెంబరులో, ఫాక్స్ చానల్లో 'ది సింప్సన్స్' మొదలైంది. మ్యాట్ గ్రోనింగ్ సృష్టి. అమెరికా కుటుంబాన్ని, చర్చిని, పోలీసుల్ని, టీవీని ఒక్కటీ వదలకుండా ఉతికేసే సీరియల్. 1990లో అందులోకి అపూ వచ్చాడు. క్విక్-ఇ-మార్ట్ అనే కొట్టు, నోరు తిరగని ఇంటిపేరు, "థాంక్యూ, కమ్ అగైన్" అనే ఊతపదం. గొంతు హ్యాంక్ అజారియాది, తెల్లవాడు. 1968లో 'ది పార్టీ' అనే సినిమాలో పీటర్ సెల్లర్స్ రంగు పూసుకుని వేసిన భారతీయుడి పాత్రను తలచుకుని ఆ గొంతు పట్టానని ఆయనే చెప్పాడు. జిమ్ క్రో దారి ఎంత దూరం వచ్చిందో చూడండి.

అపూ చెడ్డవాడు కాడు. కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ ఉంది, కష్టజీవి. 1996లో వచ్చిన ఒక భాగమైతే నేను ఎవరికైనా చూపిస్తాను. పత్రాల్లేని వలసదారులకు బడి, వైద్యం ఆపాలని కాలిఫోర్నియా 1994లో ఓటేసింది. ఆ పిచ్చిని వెక్కిరిస్తూ అపూను దేశం నుంచి వెళ్లగొట్టే కథ అల్లారు. పౌరసత్వ పరీక్షలో అంతర్యుద్ధానికి కారణమేంటని అడిగితే, అపూ ఆర్థిక కారణాలు, సామాజిక కారణాలు అంటూ విప్పడం మొదలుపెడతాడు. పరీక్షాధికారి విసుక్కుని, బానిసత్వమని ఒక్క ముక్క చెప్పి ఊరుకోమంటాడు. పుట్టినవాడికన్నా వచ్చినవాడికే ఈ దేశం చరిత్ర ఎక్కువ తెలుసన్న నిజాన్ని అంత బాగా చెప్పిన వ్యాసం నేను చదవలేదు.

చిక్కు ఏమిటంటే, ఆ కాలపు అమెరికా టీవీలో వారం వారం కనిపించే భారతీయుడు ఇంచుమించు అతనొక్కడే. వందమంది తెల్లవాళ్ల మధ్య ఆ సీరియల్‌లోని హోమర్ లాంటి ఒక తెలివితక్కువవాడు ఉంటే తెల్లవాళ్లంతా అలాంటివాళ్లని ఎవరూ అనుకోరు. ఒక్కడే ఉన్నచోట ఆ ఒక్కడే జాతి మొత్తానికి నమూనా అయిపోతాడు. బడిలో మన పిల్లలకు అపూ అని పేరు పెట్టారు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, లిఫ్ట్ దిగుతుంటే ఒక సహోద్యోగి వెనకనుంచి "థాంక్యూ, కమ్ అగైన్" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే సరసం తెలియనివాడంటారు కదా.

ఆ నవ్వును పక్కన పెట్టి ఎదురు మాట్లాడినవాడు మన తెలుగువాడే. హరి కొండబోలు. న్యూయార్క్‌లో క్వీన్స్‌లో పెరిగిన హాస్యగాడు, తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వలస వచ్చినవాళ్లు. తన తండ్రిని వెక్కిరించే తెల్లవాణ్ణి మరో తెల్లవాడు అనుకరించినట్టు ఉంటుంది అపూ గొంతు అని 2012లోనే ఒక టీవీ షోలో ఎత్తిపొడిచాడు. 2017 నవంబరులో 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అని డాక్యుమెంటరీ తీశాడు. అందులో కల్ పెన్, హసన్ మిన్హాజ్, అపర్ణా నంచర్ల లాంటి భారతీయ మూలాలున్న నటులు, హాస్యగాళ్లు తమ చిన్ననాటి అనుభవాలు చెప్పారు. మసి పూసిన కాలపు బొమ్మలను సేకరించి దాచుకునే నల్లజాతి నటి వూపీ గోల్డ్‌బర్గ్ కూడా మాట్లాడింది. పాత ముడికి కొత్త ముడి అక్కడ పడింది.

హరి అడిగిందేమిటో గమనించండి. సీరియల్ ఆపమనలేదు, అపూను చంపేయమనలేదు. తాను సింప్సన్స్ చూసి పెరిగానని, హాస్యం అందులోనే నేర్చుకున్నానని చెప్పుకున్నాడు. ఆ పాత్రకు ఇంకాస్త బుర్ర పెట్టి రాయమన్నాడు, అంతే. సీరియల్ ఇచ్చిన జవాబు మాత్రం దాని స్థాయిలో లేదు. 2018 ఏప్రిల్‌లో లీసా పాత్ర ప్రేక్షకుల వైపు తిరిగి, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు పొలిటికల్లీ ఇన్‌కరెక్ట్ అయితే ఏం చేయగలమని నిట్టూర్చి ఊరుకుంది. జనం నొచ్చుకున్నట్టు నటిస్తున్నారని గ్రోనింగ్ ఈసడించాడు. పెద్దమనిషి తరహా చూపింది అజారియానే. కథలు రాసే బల్ల దగ్గర దక్షిణాసియా వాళ్లు కూర్చోవాలని, తాను తప్పుకోవడానికి సిద్ధమని అదే నెలలో టీవీలో చెప్పాడు. 2020 జనవరిలో తప్పుకున్నట్టు ప్రకటించాడు. ఆ జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసు చేతిలో హత్యకు గురయ్యాక దేశం అట్టుడుకుతుంటే, తెల్లవాళ్లు కాని పాత్రలకు ఇక తెల్లవాళ్ల చేత చెప్పించబోమని సింప్సన్స్ ప్రకటించింది. 'ఫ్యామిలీ గై' అనే మరో బొమ్మల సీరియల్‌లో క్లీవ్‌లాండ్ అనే నల్లజాతి పాత్రకు గొంతిచ్చిన తెల్లవాడు కూడా అప్పుడే తప్పుకున్నాడు.

దీన్నంతా చాదస్తమనేవాళ్లూ ఇక్కడ తక్కువ కాదు, వాళ్ల మాటకూ చరిత్ర ఉంది. 1991లో అధ్యక్షుడు పెద్ద బుష్ మిషిగన్ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో, పొలిటికల్ కరెక్ట్‌నెస్ పాత ద్వేషాలను తుడవబోయి కొత్త ద్వేషాలు తెస్తోందని హెచ్చరించాడు. 1997లో మొదలైన 'సౌత్ పార్క్' ఆ వాదానికి బొమ్మల రూపం. దాన్ని సృష్టించిన ట్రే పార్కర్, మ్యాట్ స్టోన్ దృష్టిలో ఎవరూ అతీతులు కారు. అందర్నీ సమానంగా తిడితే ఎవరికీ అన్యాయం జరగనట్టే అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ మేడ మీదున్నవాడి మీద, గుంతలో ఉన్నవాడి మీద ఒకే బరువున్న రాయి వేస్తే దెబ్బ ఒకేలా తగలదు. పైగా ఆ సమానత్వానికీ హద్దుంది. 2010లో మహమ్మద్ ప్రవక్త ప్రస్తావన ఉన్న భాగానికి బెదిరింపులు వచ్చేసరికి, చానలే మాటల మీద బీప్‌లు వేసేసింది.

ఈ కార్టూన్ల గొడవల్లో ఎక్కడా ప్రభుత్వం చేయి లేదన్నది మనవాళ్లకు ముఖ్యంగా చెప్పాల్సిన సంగతి. వెకిలి వ్యంగ్యానికి కూడా రాజ్యాంగ రక్షణ ఉందని ఇక్కడి సుప్రీంకోర్టు 1988లో, హస్లర్ పత్రిక కేసులో తేల్చేసింది. కాబట్టి మనలా కేసు పెట్టి అరెస్టు చేయించే దారి లేదు. ఎదుటివాడి జోకు నచ్చకపోతే అంతకన్నా మంచి జోకు వేయాలి. హరి చేసింది అదే. కాకపోతే అందుకు మైకు, కెమెరా, చానల్, భాష అన్నీ ఉండాలి. అవన్నీ చేతికి రావడానికి మనకు 1990 నుంచి 2017 దాకా పట్టింది.

ఇప్పుడు బావకు నా ఎదురు ప్రశ్న. మన ద్వీపాల్లో ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారు?

2011 లెక్కల్లో అక్కడ తెలుగువాళ్లం దాదాపు పదమూడు శాతం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. సినిమాలో పనిమనిషికి, వెర్రిబాగులవాడికి మన యాసే పెడితే మనకెంత మండుతుందో తెలుసు. తెలంగాణ వాళ్లు తమ యాసను రౌడీలకే అంటగట్టారని ఎన్నేళ్లు మొత్తుకున్నారో కూడా తెలుసు. అదే, 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ నుంచి అడవి పనికి తెచ్చిన ఆదివాసీలను మనం ఈనాటికీ "రాంచీలు" అని ఒక ఊరి పేరుతో కట్టగట్టి, తెలివి తక్కువవాడికి ఆ పేరే పెడతాం. వాళ్లు నరికిన అడవి దారుల మీదే మన ఊళ్లు వెలిశాయి.

అండమాన్ అడవుల్లోని ఆదివాసీ తెగ జరావాల సంగతి ఇంకా ఘోరం. అండమాన్ మనిషిని లోకానికి వికారంగా చూపినవాటిలో ఒకటి కానన్ డాయల్ 1890 నాటి షెర్లాక్ హోమ్స్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'. అందులోని టోంగా విషపు ముళ్లు ఊదే నరభక్షకుల జాతివాడు. అండమాన్ తెగలు నరమాంసం తినేవాళ్లు కారు, అయినా ఆ ముద్ర పోలేదు. 2012 జనవరిలో, అండమాన్ ట్రంక్ రోడ్డు పక్కన తిండి ఆశ చూపి జరావా స్త్రీలను ఆడించిన వీడియోను లండన్ అబ్జర్వర్ పత్రిక బయటపెట్టింది. 1956 నాటి గిరిజన రక్షణ నిబంధనలకు ఆ ఏడాదే శిక్షలు పెంచారు. 2018లో సెంటినెలీ తెగ ఉండే ఉత్తర సెంటినెల్ దీవిలో అమెరికన్ మతప్రచారకుడు చనిపోయినప్పుడు లోకమంతా పడి నవ్వింది, సెంటినెలీలను బాణాల బొమ్మలుగా చేసుకుని. ఇంట్లో టీ తాగుతూ మనమూ నవ్వాం.

అపూకు హరి దొరికాడు. స్పీడీకి అభిమానులు దొరికారు. రాంచీ వాళ్ల పిల్లలు చదువుకుంటున్నారు, వాళ్లలో ఒకడు రేపు మన మీద జోకు వేస్తే అది మనకు రావలసిందే. జరావా పిల్లవాడికి మాత్రం మన జోకు చేరదు, వాడి జవాబు మనకు చేరదు. జోకు మొరటుదా, నాజూకుదా అన్నది నాకు ఇప్పుడు పెద్ద ప్రశ్న కాదు. మొరటు జోకులు నాకూ ఇష్టమే, సౌత్ పార్క్ ఇప్పటికీ చూస్తాను. తిరిగి నవ్వగలిగేవాడితో ఎంత మొరటైనా సరసమే. ఆ వీలు లేనివాడి మీద వేసేది ఎంత నాజూకైనా దౌర్జన్యమే. ఈ దేశం ఆ తేడా తెలుసుకోవడానికి జిమ్ క్రో నుంచి అపూ దాకా దాదాపు రెండు వందల ఏళ్లు తీసుకుంది. మన దగ్గర అంత సమయం లేదు. జరావాలు ఉన్నదే కొన్ని వందల మంది.