నడుముకు తుపాకీ లేని పోలీసులు

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ వచ్చిన కొత్తలో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఇక్కడి పోలీసులే. మన జి. కొండూరులో కానిస్టేబుల్‌కు లాఠీ ఒక్కటే ఉన్నా, ఎస్సై గారి నడుముకు రివాల్వర్ ఉంటుంది. ఇక్కడ వీధిలో తిరిగే పోలీసులకు మామూలుగా నడుముకు తుపాకీ ఉండదు. దాన్ని కారులోని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు.

ఇక్కడి మూలవాసులైన మావోరీలను కదిపితే 1881 నాటి సంగతి చెబుతారు. పరిహాక అనే ఊరి మీదికి సాయుధ కానిస్టేబుళ్లు, వలంటీర్లు కలిసి దాదాపు 1,600 మంది దిగారు. తమ భూములు పోనివ్వబోమని శాంతంగా అడ్డుపడడమే ఆ ఊరి నేరం. దళాలకు ఎదురొచ్చింది పాటలు పాడే పిల్లలు. ఆ తర్వాత ఐదేళ్లకు, 1886లో, తుపాకీ లేని పోలీసుశాఖ ఏర్పడింది.

2007 అక్టోబరులో మళ్లీ అలాంటిదే జరిగింది. ఉగ్రవాద శిక్షణ నడుస్తోందన్న అనుమానంతో పోలీసులు రూఅతోకి అనే మావోరీ ఊరి దారి మూసేసి, కార్లు ఆపి, దిగినవాళ్లను నిలబెట్టి ఫొటోలు తీశారు. చివరికి ఉగ్రవాద చట్టం కింద ఒక్కరి మీదా కేసు పెట్టలేకపోయారు. 2014లో పోలీస్ కమిషనర్ ఆ జనానికి క్షమాపణ చెప్పారు.

మార్చి అంటే మన తోటల్లో చిన్న రసాల కాయలకు కొమ్మలు వంగే రోజులు. ఇక్కడ ఆకు రాలే కాలం. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లోని రెండు మసీదుల్లో శుక్రవారం నమాజుకు వచ్చినవాళ్లను శ్వేతజాతి దురహంకారి ఒకడు కాల్చేశాడు. 51 మంది పోయారు. వాళ్లలో మన హైదరాబాదు యువకులూ ఉన్నారు. నెల తిరక్కుండానే పార్లమెంటు 119 ఓట్లతో, ఒకే ఒక్కరు కాదనగా, సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో చాలా రకాలను నిషేధించింది. 56 వేలకు పైగా తుపాకులను జనం అప్పగించారు.

అదే ఏడు అక్టోబరులో పోలీసులు మూడు ప్రాంతాల్లో సాయుధ గస్తీ మొదలుపెట్టారు. భయపడ్డ జనం ఆనందిస్తారనుకుంటాం. కానీ దక్షిణ ఆక్లండ్‌లో మావోరీలు, పసిఫిక్ దీవులవాళ్లు ఎదురుతిరిగారు. కాల్చినవాడు ఎవడు, తుపాకులు తిరుగుతున్నది ఎవరి వీధుల్లో అని అడిగారు. వ్యతిరేకిస్తూ ఈమెయిళ్లు వేలల్లో వచ్చాయి. 2020 జూన్‌లో కమిషనర్ ఆండ్రూ కోస్టర్ ఆ దళాలు ఇక ఉండవని ప్రకటించారు. ఈ జనం మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

అలాగని వీళ్లు ఉగ్రవాదాన్ని తేలిగ్గా తీసుకోరు. 2021 సెప్టెంబరులో ఆక్లండ్ సూపర్‌మార్కెట్‌లో ఐసిస్ అభిమాని ఒకడు కత్తితో జనం మీద పడితే, నీడలా వెంట ఉన్న పోలీసులు నిమిషాల్లో కాల్చి చంపారు. ఉగ్రవాద దాడికి పథకం వేయడమే నేరమనే చట్టాన్ని పార్లమెంటు ఆ నెలలోనే ఆమోదించింది.

రూఅతోకి దారి మూసేసిన 2007లోనే మన హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. మే నెలలో ఆ పేలుడు తర్వాత ఎందరో పాతబస్తీ కుర్రాళ్లను పట్టుకెళ్లి జైల్లో పెట్టారు. కోర్టులు వాళ్లను నిర్దోషులన్నాయి. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 42 మంది పోయారు. ఆ పేలుళ్ల మీద జనానికి వచ్చిన కోపం న్యాయమైనదే. కానీ పోలీసులకు కొత్త అధికారాలు ఇవ్వాలన్న మాట మళ్లీ వచ్చినప్పుడు, ఆ అధికారం ముందుగా ఎవరి గడపకు వెళుతుందో ఆ ఇంటివాళ్ల మాట కూడా అడగండి.