బాహుబలి కథలో దుఃఖం, ఆగ్రహం

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వం వహించిన ‘బాహుబలి: ది బిగినింగ్’ (10 జులై 2015), ‘బాహుబలి 2: ది కన్‌క్లూజన్’ (28 ఏప్రిల్ 2017) తెలుగులో అతిమానుష బలం గల వీరుడి కథను దేశమంతటికీ చేర్చిన చిత్రాలు. కథ వి. విజయేంద్రప్రసాద్‌ది. అమరేంద్ర, మహేంద్ర బాహుబలులుగా ప్రభాస్, కట్టప్పగా సత్యరాజ్, దేవసేనగా అనుష్క, శివగామిగా రమ్యకృష్ణ, భల్లాలదేవుడిగా రానా నటించారు. యుద్ధాలు, భారీ సెట్ల గురించి ఎంతో రాశారు గానీ, ఆత్మీయుడు పోయాక మిగిలే దుఃఖం, దాని వెంటే వచ్చే కోపం ఈ కథను నడిపిస్తాయన్న సంగతికి అంత చోటు దక్కలేదు.

చిత్రీకరణ చాలా వరకు రంగారెడ్డి జిల్లాలోని రామోజీ ఫిల్మ్ సిటీలో జరిగింది. సాబు సిరిల్ రూపొందించిన మాహిష్మతి సెట్ అక్కడిదే.

కథలో బరువంతా మోసేది కట్టప్ప. మాహిష్మతి సింహాసనానికి తరతరాలుగా కట్టుబడిన బానిస వంశం అతనిది. అమరేంద్రుడు మాత్రం అతన్ని ‘మామా’ అని పిలుస్తాడు. వారిద్దరి మధ్య ఉన్నది యజమాని, సేవకుల బంధం కాదు, చెలిమి. బిజ్జలదేవుడు, అతని కొడుకు భల్లాలదేవుడు పన్నిన కుట్రలో ముందుగా బలైంది అమరేంద్రుడి స్నేహితుడు, కుంతల రాజ్యానికి చెందిన కుమారవర్మ. పిరికివాడిగా మొదలై అమరేంద్రుడి చలవతో ధైర్యం తెచ్చుకున్న మనిషి. అతని చావు దగ్గర కథ ఎక్కువసేపు ఆగదు, ఆగి ఉంటే బాగుండేది. ఆ చావునే సాక్ష్యంగా చూపి, అమరేంద్రుడు ద్రోహం తలపెట్టాడని అతన్ని పెంచిన తల్లి శివగామిని నమ్మించారు. అమరేంద్రుణ్ణి చంపమని ఆమె కట్టప్పను ఆజ్ఞాపించింది. కాదంటే తానే ఆ పని చేస్తానంది. తల్లి చేతికి కొడుకు నెత్తురు అంటకూడదని కట్టప్ప తలవంచాడు. తనను కాపాడటానికి వచ్చిన స్నేహితుణ్ణి వెనక నుంచి పొడిచాడు. ప్రాణం పోతున్న వేళ కూడా అమరేంద్రుడు అతనికి అప్పగించింది తల్లి బాధ్యతనే.

స్నేహితుణ్ణి పోగొట్టుకున్న వీరులు లోక సాహిత్యంలో చాలామందే ఉన్నారు. గ్రీకుల ఇలియడ్‌లో పాట్రోక్లస్ చనిపోతే అకిలీస్ కోపమంతా హెక్టర్ మీద చూపిస్తాడు. కర్ణుడి కోసం ఏడ్చిన దుర్యోధనుడికి ఎదురుగా పాండవులున్నారు. కట్టప్పకు ఎవరున్నారు? చంపింది తానే. ఆ కోపం తనను తాను తినడం తప్ప మరో దారి లేదు. పైగా చంపించిన భల్లాలదేవుడే రాజు, అతనికే కాపలా కాయాలి. సత్యరాజ్ ఈ నలుగుబాటును మాటల్లో కన్నా వంగిన భుజాల్లో ఎక్కువ చూపించారు.

మొదటి భాగంలో వచ్చే ఒక సన్నివేశాన్ని దగ్గరగా చూడాలి. శివుడు అనే పేరుతో పెరిగిన అమరేంద్రుడి కొడుకు మహేంద్రుడు భల్లాలదేవుడి కొడుకు భద్రుడి తల నరుకుతాడు. కట్టప్ప ఆగ్రహంతో కత్తి ఎత్తి అతని మీదికి దూసుకొస్తాడు. ముఖం కనబడుతుంది. పోయిన స్నేహితుడి ముఖమే. అంత వేగంతో వస్తున్న మనిషి మోకాళ్ల మీద జారి, అతని పాదాన్ని తీసుకుని తన తల మీద పెట్టుకుంటాడు. కరుణ రసానికి స్థాయీభావం (మూలమైన భావం) శోకం, రౌద్రానికి క్రోధం. రౌద్రం నుంచే కరుణం పుడుతుందన్నాడు నాట్యశాస్త్ర కర్త భరతుడు. ఆ సూత్రం ఇక్కడ కొన్ని క్షణాల్లో కళ్లెదుటే జరుగుతుంది. మొత్తం రెండు భాగాల్లో ఇంతకు మించిన ఘట్టం లేదు.

అమరేంద్రుడి భార్య దేవసేన దారి వేరు. 25 ఏళ్లు గొలుసులతో బందీగా ఉండి, భల్లాలదేవుడి చితి కోసం ఎండుపుల్లలు ఏరుతుంది. కట్టప్ప తప్పిస్తానన్నా వెళ్లదు, కొడుకు వస్తాడని ఎదురుచూస్తుంది. ఆమె ఏడుపు ఎవరికీ వినిపించదు, పుల్లల కుప్ప మాత్రం పెరుగుతుంది. చివరికి భల్లాలదేవుడు కాలింది ఆ చితి మీదే.

శివలింగాన్ని భుజాన మోసిన మహేంద్రుడికి మాత్రం దుఃఖించే వ్యవధి దొరకదు. తండ్రి ఎలా చనిపోయాడో కట్టప్ప నోట విన్న వెంటనే యుద్ధానికి బయలుదేరతాడు. చూడని తండ్రి కోసం వచ్చిన కోపం అతనిది. కన్నీళ్లన్నీ కట్టప్ప, దేవసేనల వంతుకే వచ్చాయి. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న రెండు విడుదలల మధ్య సుమారు 21 నెలల పాటు దేశమంతా తిరిగింది. జవాబు దొరికాక, చంపిన తరువాత ఆ మనిషి ఎలా బతికాడన్న సంగతిని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు.