“మోనెటైజు” అను మాట

ఈ కాలపు యువకుల నోట “మోనెటైజు” అను ఆంగ్లపదము తరచుగా వినబడుచున్నది. యూట్యూబులో వీడియో నుంచి దానివలన ఆదాయము పొందుటకు ఈ పేరు. మాట క్రొత్తగా తోచునుగాని దాని వేరు బహుప్రాచీనము. రోము నగరమున జూనో మోనేటా అను దేవత ఆలయము చెంత టంకశాల యుండెడిది. ధనమునకు “మనీ”, టంకశాలకు “మింట్” అను పేర్లు ఆ దేవత బిరుదమునుండియే కలిగినవి. పందొమ్మిదవ శతాబ్దిలో మోనెటైజు చేయుట యనగా లోహమును చెల్లుబడి నాణెముగా నంగీకరించుటయే.

మన తెలంగాణమున నిజాము నాణెము హాలీ సిక్కా. అనగా ప్రస్తుతపు నాణెము. బ్రిటిషు రూపాయిని జనులు కల్దారు అనిరి; యంత్రమున కొట్టినదని భావము. ఆరు కల్దార్లకు సుమారు ఏడు హాలీ రూపాయలు. 1903లో సైఫాబాదున టంకశాల వెలసి, హాలీ రూపాయియు యంత్రముననే తయారైనను, కల్దారు పేరు బ్రిటిషు రూపాయికే మిగిలిపోయినది. జనుల నోటికి తర్కముతో పనిలేదు.

నాణెముకంటె పెద్ద మార్పు శిస్తులో వచ్చినది. మొదటి సాలార్‌జంగు 1853లో దివాను అయిన పిదప, ధాన్యభాగమునకు మారుగా రొక్కము చెల్లించు పద్ధతి క్రమముగా స్థిరపడెను. గుత్తదారుల దోపిడి తగ్గెననుట నిజమే. కాని కళ్ళమున జొన్నరాశి యున్నను రైతుచేత రూపాయి లేదు. శిస్తు గడువు ఆగదు గనుక, పంట చేతికి వచ్చి ధర పడియున్న దినములలోనే సాహుకారున కమ్మవలసివచ్చెను. అమ్మగా మిగిలినది చాలక, విత్తులకు మరల అతనియొద్దనే నాగు తెచ్చి, కోతనాడు పైధాన్యము కలిపి కొలిచెడివాడు. జొన్న రూపాయి యైనది. అందలి లాభ మెవరి పెట్టెలో పడెనో నిఘంటువు చెప్పదు.

మన సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. నెల తిరుగకమునుపే, నవంబరు 8 రాత్రి, ఐదువందల, వేయి రూపాయల నోట్లు చెల్లవను ప్రకటన వెలువడెను. ఆంగ్లేతరులకు “డీమోనెటైజేషను” నోరు తిరుగకపోగా “నోట్లరద్దు” అను చక్కని మాట పుట్టినది. 2021లో కేంద్రప్రభుత్వము రహదారులు, రైలు ఆస్తులు మున్నగువానిని గడువుపై ప్రైవేటువారి కప్పగించి ఆరు లక్షల కోట్ల రూపాయలు రాబట్టు ప్రణాళికకు ఈ పదమునే పెట్టినది.

కొందరు దీనిని “నగదీకరణము” అందురు. అరబ్బీ నగదునకు సంస్కృతపు తోక. సంస్కృతము చదివిన నాకే అది రుచింపదు. “సొమ్ము చేసికొనుట” యను పలుకుబడి మన యింట లేదా? అయితే అందు కొంత నింద కలదు. ఒకరి యక్కరను మరియొకడు సొమ్ము చేసికొనె నందుము. వీడియోతో కష్టపడి సంపాదించు పిల్లవాని నట్లనుట అన్యాయము. కళ్ళమున ధర తెగ్గొట్టిన సాహుకారునకు మాత్రము అది చక్కగా అమరును.