గొళ్లెము నుండి పిడి వరకు: కిటికీ చరిత్రలో ఒక చిన్న ఘట్టము

గృహమునకు ద్వారము ముఖమైనచో కిటికీ కన్ను. ఈ ఉపమానము మన పూర్వులకు క్రొత్తది కాదు. సంస్కృతమున కిటికీకి గవాక్షమని పేరు. గోవు కన్నువంటిది అని దాని యర్థము. వాతాయనమనగా గాలి వచ్చు త్రోవ. ఆంగ్లములోని ‘విండో’ అను మాట సైతము ప్రాచీన స్కాండినేవియా భాషలో ‘గాలికన్ను’ అను అర్థముగల పదమునుండి పుట్టినదే. వేల మైళ్ల ఎడముననున్న రెండు జాతులు కిటికీని చూచి ఒక్క తీరుననే తలచుట వింత గొల్పును. కన్ను ఉన్నచోట రెప్ప ఉండవలెను గదా! కిటికీకి రెప్ప దాని రెక్క. ఆ రెప్పను వాల్చి నిలుపునది గడియ, గొళ్లెము, నేటి మాటలో హ్యాండిల్. కోటలను గూర్చియు, గోపురములను గూర్చియు చరిత్రలు వ్రాసినవారు పెక్కుమంది కలరు. దినమునకు నాలుగుసార్లు మన చేతికి తగులు ఈ పిడికి కూడ ఒక చరిత్ర కలదు. దానిని సంగ్రహముగా మనవి చేయుటయే ఈ వ్యాసోద్దేశము.

ఏలూరు జిల్లాలోని గుంటుపల్లి కొండలో క్రీస్తునకు పూర్వపు శతాబ్దములలో తొలిచిన వర్తులాకార చైత్యము నేటికిని నిలిచియున్నది. దాని ముఖభాగమున గుఱ్ఱపు లాడమువంటి కమానుతో గవాక్షరూపము చెక్కబడినది. కొయ్యతో కట్టిన కట్టడముల పోలికనే శిల్పులు రాతిలోనికి దించిరని విజ్ఞులు చెప్పుదురు. ఆ గవాక్షమునకు రెక్క లేదు, కనుక గడియ లేదు. వెలుతురు లోనికి రావలెను, వచ్చినది; అంతటితో దాని పని తీరినది.

తరువాతి కాలపు మన పల్లెటూరి ఇండ్లలో కిటికీకి ఊచలు వచ్చినవి, టేకు రెక్కలు వచ్చినవి, వాటితోపాటు గొళ్లెమును కొక్కెమును వచ్చినవి. ఆ గొళ్లెమును చేసినవాడు ఊరి కమ్మరి. రెక్కకు బిగించినవాడు ఊరి వడ్రంగి. అది అరిగిన నాడు మరల వారిలో ఒకరు వచ్చి, కొలిచి, కాల్చి, కొట్టి క్రొత్తది చేసి ఇచ్చెడివారు. ఒక యింటి గొళ్లెము మరియొక యింటికి సరిపడకపోవచ్చును గాని, చేయగల చేయి మాత్రము పిలిచినంత దూరముననే ఉండెను. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన. ముందు దీనితో పని యున్నది.

లోహపు చట్రముల కిటికీ పాశ్చాత్య దేశముల కానుక. ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతమున, బ్రెయిన్‌ట్రీ అను చిన్న పట్టణములో, ఫ్రాన్సిస్ హెన్రీ క్రిటాల్ అను ఇనుపసామాను వర్తకుడు 1884లో లోహపు కిటికీలను చేయ నారంభించెను. సన్నని చట్రము, పెద్ద అద్దము, ఎక్కువ వెలుతురు. ఈ మూడు గుణములచే ఆ కిటికీ దేశదేశములకు వ్యాపించినది. స్వాతంత్ర్యానంతరము మన దేశమున ప్రభుత్వోద్యోగుల సంఖ్య పెరిగి, ఢిల్లీలో నివాసగృహములకు కొఱత యేర్పడినపుడు, త్వరగా, చవుకగా, ఒకే తీరున కట్టుటకు ఇట్టి ఉక్కు కిటికీ మిక్కిలి అనుకూలముగా తోచినది. 1947లో నెలకొన్న భారత ప్రమాణముల సంస్థ 1957లో ఉక్కు తలుపులకు, కిటికీలకు 1038 అను సంఖ్యతో ఒక ప్రమాణమును ప్రకటించినది.

కేంద్ర ప్రజాపనుల శాఖవారి నిర్దేశములలో ఆ కిటికీ పిడిని గూర్చి చెప్పిన మాటలు చదువదగినవి. పిడి ఇత్తడిది గాని, అల్యూమినియముది గాని, త్రుప్పు పట్టకుండ కాపాడిన ఉక్కుది గాని కావచ్చును. దాని ముక్కునకు రెండు మెట్లుండవలెను. ఒక మెట్టులో కిటికీ బిగువుగా మూయబడును. రెండవ మెట్టులో రెక్క కొద్దిగా తెరచియుండియు గాలికి కొట్టుకొనక నిలుచును. తెరచిన రెక్కను పట్టి ఉంచుటకు మూడు రంధ్రములు గల 300 మిల్లీమీటర్ల కడ్డీ యొకటి. ఏ రంధ్రమున తగిలించిన ఆ కోణమున రెక్క నిలుచును. జ్యేష్ఠమాసపు వడగాలికి ఒక రంధ్రము, శ్రావణపు జల్లునకు ఒకటి, శరత్తులోని చల్లని గాలికి ఒకటి! కాగితముపై ఈ నిర్దేశమును వ్రాసిన ఇంజనీరు ఋతువులను ఎరిగినవాడని తోచును.

అయితే అందులోనే ఒక చిక్కును కలదు. పిడి అమర్చిన పలకను అద్దము బిగింపక పూర్వమే అతుకవలెననియు, అద్దము బిగించిన పిమ్మట అది సులభముగా ఊడిరాకూడదనియు ఆ నిర్దేశము. దొంగకు ఊడరాని పిడి మరమ్మతువానికిని ఊడరాదు. అందుచేత పిడి విరిగిన కిటికీని నవారుతోనో పురికొసతోనో కట్టియుంచుట సర్కారీ క్వార్టరులో నివసించిన కుటుంబములకు పరిచితమైన దృశ్యమే. అయినను ఒక సదుపాయము ఉండెను. ప్రమాణమొకటే కనుక ఒక బస్తీలోని పిడి మరియొక బస్తీలోని కిటికీకి అతికెడిది. ఎంక్వయిరీ ఆఫీసు పుస్తకములో ఫిర్యాదు వ్రాసిన, ఆలస్యముగానైనను పనివాడు వచ్చెడివాడు. పల్లెలో కమ్మరి చేయి ఇచ్చిన భరోసాను పట్టణములో ప్రమాణసంఖ్య ఇచ్చినది. సరోజినీనగర్, నేతాజీనగర్ మొదలగు ఏడు బస్తీల పునర్నిర్మాణమునకు 2016లో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపిన తరువాత అచ్చటి పాత ఇండ్లు అనేకము నేలమట్టమైనవి. వాటితో ఆ పిడుల కాలమును ముగియుచున్నది.

ఇక మన గురుగ్రామము మాట. ద్రోణాచార్యుల పేర ప్రతీతి గాంచిన ఈ ఊరు 1966 నవంబరు 1న హర్యానా ఏర్పడువరకు పంజాబు రాష్ట్రములోనిది. 1977లో హర్యానా పట్టణాభివృద్ధి చట్టము వచ్చినది; 1983 డిసెంబరులో ఇచ్చటి కర్మాగారమునుండి తొలి మారుతి కారు వెలువడినది. (ఆ కారు అద్దమును దింపుటకు కూడ చేతితో త్రిప్పు పిడియే ఉండెను.) 2016లో గుర్గావ్ పేరు గురుగ్రామ్ అయినది. 1990లో స్థాపింపబడిన కేంద్ర ప్రభుత్వోద్యోగుల సంక్షేమ గృహనిర్మాణ సంస్థ సెక్టారు 56లో కేంద్రీయ విహార్‌ను నిర్మించినది. హైదరాబాదులో మియాపూరునందును అదే పేరుతో గృహసముదాయము కలదు. క్వార్టరులో జీవితమంతయు గడపిన ఉద్యోగికి స్వంత యిల్లు ఏర్పడుట సంతోషకరము. కాని ఆ దినముతో ఎంక్వయిరీ ఆఫీసు ఋణము తీరిపోయినది. పిడి విరిగిన, ఫిర్యాదు చేయువాడును తానే, బాగుచేయించువాడును తానే.

నేటి ఇండ్లలో ఉక్కు చట్రము పోయి అల్యూమినియము, ప్లాస్టిక్ చట్రములు వచ్చినవి. వీటి పిడి కేవలము గొళ్లెము కాదు. దాని వెనుకనుండు నలుచదరపు కడ్డీ చట్రములో దాగిన పండ్లచక్రమును త్రిప్పును. ఆ చక్రము నిలువు కడ్డీని పైకి క్రిందికి జరుపును. కడ్డీమీది గుబ్బలు ఎదుటి చట్రములోని గూళ్లలో చిక్కుకొనును. ఈ అమరికకు ఫ్రెంచివారు ఏనాడో ‘ఎస్పన్యొలెత్’ అని పేరిడిరి. ఒక్క పిడిని త్రిప్పిన రెక్క పలుచోట్ల బిగియును. మేజూన్ నెలల ధూళిగాలిని, కార్తికము మొదలు కమ్ముకొను పొగమంచును బయట నిలుపుటకు ఈ బిగువే ఆధారము.

ఈ పిడులలో చాలభాగము జింకు మిశ్రమలోహముతో పోతపోసినవి. జింకు కథ మన దేశమునకు గర్వకారణము. జింకు 907 డిగ్రీల వేడిమికే ఆవిరియై, గాలి తగిలిన భస్మమగును. కావున కొలిమిలో కరగించి తీయుట దుస్సాధ్యము. రాజస్థానములో ఉదయపురము చెంతనున్న జావర్ గనులవద్ద సుమారు పండ్రెండవ శతాబ్దము నాటికే మనవారు ఆ ఆవిరిని మూసలనుండి క్రిందికి దింపి చల్లార్చి లోహమును తీసిరి. రసరత్నసముచ్చయములో వర్ణించిన వృంతాకమూష, అనగా వంకాయవంటి మూస, ఆకారమున జావర్‌లో దొరకిన మూసలతో పోలియున్నది. ఐరోపాలో విలియం చాంపియన్ ఇట్టి పద్ధతికి హక్కు పొందినది 1738లో మాత్రమే. మన విశాఖపట్టణమునందును 1977లో జింకు కర్మాగారము మొదలై, కొన్ని దశాబ్దములు పనిచేసి మూతబడినది.

అయితే పోత జింకునకు ఒక తెగులు కలదు. సీసము, తగరము, కాడ్మియము స్వల్పముగా కలిసినను, తేమ తగిలిన కొలది లోహము లోలోపల చిట్లిపోవును. అమెరికాలో 1929 ప్రాంతమున అతిశుద్ధమైన జింకునకు నూటికి నాలుగు వంతుల అల్యూమినియము చేర్చిన మిశ్రమము ఈ తెగులును అరికట్టినది. నాసిరకపు పిడి మెడవద్ద పుటుక్కున విరుగుటకు ఇట్టి కల్తీయును ఒక కారణము కావచ్చును. మరియొక కారణము మన చేతిలోనిదే: మడతబందు సడలి రెక్క క్రుంగినపుడు, లోపల దుమ్ము పేరుకొన్నపుడు, పిడి తిరుగకున్న బలముతో త్రిప్పుదుము. రోగము ఒకచోట, శిక్ష మరియొకచోట.

మార్చు పద్ధతి కష్టమైనది కాదు. పిడి అడుగునున్న మూతను కొద్దిగా ఎత్తి పక్కకు త్రిప్పిన రెండు స్క్రూలు కనబడును. వాటిని విప్పి పిడిని వెలికి తీసి, కడ్డీ మందమును, దాని పొడవును, స్క్రూల నడిమి దూరమును కొలువవలెను. ఐరోపా పద్ధతి పిడులలో మందము 7, దూరము 43 మిల్లీమీటర్లు సామాన్యము. అయినను కొలువక కొనరాదు. పాత పిడిని వెంట తీసికొనిపోవుట ఉత్తమము. క్రొత్తదానిని పాతది ఉన్న స్థితిలోనే అమర్చి, స్క్రూలను మితముగా బిగింపవలెను. ఈ పనియంతయు లోపల నిలిచియే చేయవలెను. కిటికీ వెలుపలికి వంగరాదు. రెక్కయే జారిన పక్షమున పనివానిని పిలువక తప్పదు.

ఇంత చిన్న వస్తువును గూర్చి ఇంత చెప్పుట ఎందుకని కొందరికి తోచవచ్చును. గుంటుపల్లి గవాక్షము కొండ అంచున ఉన్నది. మన కిటికీలు పదవ, పదునైదవ అంతస్తున ఉన్నవి. ఊచలు లేని అట్టి కిటికీకి వదులైన పిడి యున్నచో, దాని ముందర మంచమెక్కి ఆడుకొను పసిబిడ్డకు రక్షణ యేది? అట్టి యింట తాళముతో కూడిన పిడిని గాని, రెక్కను కొంత దూరముననే ఆపు సాధనమును గాని అమర్చుకొని, తాళపుచెవి ఎచ్చట నున్నదో పెద్దలందరును ఎరిగియుండుట అవసరము. ఆపదలో ఆ కిటికీయే తెరువవలసి రావచ్చును.

పల్లెలో కమ్మరి యుండెను. క్వార్టరులో ప్రమాణసంఖ్య యుండెను. నేడు ఒక్కొక్క తయారీదారుని పిడి ఒక్కొక్క తీరున నుండి, నమూనా మారినంతనే విడిభాగము దొరకుట దుర్లభమగుచున్నది. 2022లో వినియోగదారుల వ్యవహారముల శాఖ ‘మరమ్మతు హక్కు’ను గూర్చి ప్రారంభించిన వేదిక వ్యవసాయ పరికరములు, సెల్‌ఫోనులు మున్నగు ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణములు, వాహనములు అను నాలుగు రంగములకు ఉద్దేశించినది. కిటికీ పిడి అంత పెద్ద వస్తువు కాదేమో! అయినను మనము చేయదగినది కలదు. ఒక్కొక్క గృహసముదాయమువారు తమ కిటికీల కొలతలను ఒక పుస్తకమున వ్రాసియుంచి, ఒక డజను పిడులను ముందే కొని దాచినచో, ఏ యింటను కిటికీని పురికొసతో కట్టవలసిన అగత్యముండదు. కమ్మరిని మరల తేలేము. కమ్మరి యుండిన నాటి నిశ్చింతను మాత్రము తెచ్చుకొనవచ్చును.