అడవినాభి: పువ్వు, మందు, విషం

తొలకరికి దుంప నుండి మొలిచి, ఆకుల కొనలతోనే కంచెకు అల్లుకొని, ఎర్రని జ్వాలల వలె పూచే తీగ అడవినాభి. వానలు వెనుదీసిన పిదప తీగ ఎండిపోయినా, దుంప నేలలో నిలిచి మరుసటి ఏడు మరల చిగురిస్తుంది. పూరేకులను బట్టి అగ్నిశిఖ అనీ, దుంప నాగలిని పోలినందున లాంగలి అనీ సంస్కృతంలో దీనికి పేర్లు. ఆయుర్వేదం దీనిని ఉపవిషాలలో చేర్చింది.

1820లో ఫ్రాన్సులో పెల్లెటియే, కావెంటూ అనే శాస్త్రజ్ఞులు కోల్చికమ్ అనే మరొక పూలమొక్క నుండి ఒక క్షారసారాన్ని వేరుచేశారు. క్వినైన్‌ను వేరుచేసినదీ ఆ సంవత్సరమే, వారే. కోల్చిసిన్ అని పేరొందిన ఆ సారం నేటికీ గౌట్ అనే కీళ్ళవ్యాధికి మందు. అదే అడవినాభిలోనూ ఉన్నట్లు తరువాత తేలింది. తమిళనాడు రాష్ట్రపుష్పమైన దీనిని అక్కడి రైతులు మందుకు పనికివచ్చే విత్తనాల కోసం సాగుచేస్తున్నారు.

అయితే కోల్చిసిన్ కణవిభజనను ఆపుతుంది. తినే దుంపగా పొరబడి దీనిని తిన్నవారికి మొదట వాంతులు, విరేచనాలు. పిదప ఎముకమజ్జ దెబ్బతిని ప్రాణాపాయం. ఆసుపత్రులలో దొరికే విరుగుడు లేదు. కనుక ఈ తీగను ముచ్చటగా పెంచుకోండి. కానీ కూరదుంపల మడికి దూరంగా నాటి, పేరు రాసిన పలకను పక్కనే పాతండి. దుంప తిన్నారని అనుమానం కలిగితే, వాంతుల కోసం వేచి చూడక వెంటనే ఆసుపత్రికి చేర్చండి.